జంతు నేస్తాల బొమ్మల పుస్తకం: మొదటి గీత నుంచి ఆఖరి కుట్టు దాకా

అంగన్‌వాడీ టీచర్లు, ఒకటో తరగతి చెప్పేవాళ్లు, ఇంట్లో మూడేళ్ల పిల్లలున్న తల్లులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "బొమ్మలు వేయగలం, కథ కూడా ఉంది. దాన్ని పుస్తకంగా ఎట్లా చేయాలి?" ఆ పని వరస ఇది. కర్నూలు, అనంతపురం, కడప బజార్లలో దొరికే కాగితం, రంగులు, జిరాక్సు షాపు, ఊళ్లో ఉండే ప్రెస్సు, వీటితోనే పని అయ్యేట్టు రాశాం.

అన్నిటికన్నా వరస ముఖ్యం. చాలామంది రంగులతో మొదలుపెడతారు. మొదటి రెండు బొమ్మలు ముచ్చటగా వస్తాయి. ఐదో బొమ్మ దగ్గర కథ కుదరదు, వేసినవి చింపడానికి మనసొప్పదు, పుస్తకం అక్కడే ఆగిపోతుంది. అందుకే రంగు ఆఖర్న. ముందు పెన్సిలుతో డమ్మీ, అంటే కచ్చా పుస్తకం చేయాలి, దాన్ని పిల్లలతో, పెద్దవాళ్లతో మూడుసార్లు చదివి చూడాలి, దిద్దాలి. ఆ తర్వాతే కుంచె పట్టాలి.

1. కథకు ముందే తేల్చుకోవాల్సినవి

వయసు. మూడేళ్ల లోపు పిల్లలకు కథ అక్కర్లేదు. పేజీకి ఒక జంతువు, ఒక పని, ఒక చప్పుడు చాలు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు చిన్న చిక్కు, దానికో పరిష్కారం ఉన్న కథ కావాలి. మొత్తం 60 నుంచి 150 మాటలు. ఆరేడేళ్ల వాళ్లు సొంతంగా చదువుకోవడం మొదలుపెడతారు, వాళ్లకు 250 మాటల దాకా పోవచ్చు. ఒకే పుస్తకం ముగ్గురికీ సరిపోవాలనుకుంటే ఎవరికీ సరిపోదు.

ఎవరు చదువుతారు. ఒడిలో కూర్చోబెట్టుకుని ఒక బిడ్డకు చదివేదైతే ఏ4 కాగితాన్ని మడిస్తే వచ్చే సైజు, అంటే ఏ5, 148 × 210 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఇరవై మంది పిల్లల ముందు టీచర్ పట్టుకుని చూపించేదైతే ఏ3 మడిచి ఏ4 పేజీ చేయండి. వెనక కూర్చున్న బిడ్డకు మేకపిల్ల మొహంలో ఏడుపు కనబడాలి.

పేజీల లెక్క. ఒక కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. కాబట్టి పేజీలు ఎప్పుడూ నాలుగు చొప్పునే పెరుగుతాయి: 8, 12, 16, 24. మొదటి పుస్తకానికి 16 పేజీలు, పైన అట్ట పెట్టుకోండి. లోపలికి నాలుగు కాగితాలు, అట్టకు ఒకటి. 14 పేజీల కథ రాసుకుని ప్రెస్సుకు పోతే రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి.

ప్రతులెన్ని. ఒకటి నుంచి యాభై దాకా అయితే చేత్తో గాని, డిజిటల్ ప్రింటుతో గాని చేయించుకోవాలి. వందల్లో కావాలంటేనే ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్ గురించి ఆలోచించండి. దానికి నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చేయాలి. ఆ ఖర్చు పది ప్రతులకైనా అంతే, వెయ్యికైనా అంతే.

2. నేస్తాలను ఎంచుకోవడం

ముగ్గురు చాలు, నలుగురు దాటొద్దు. ఐదో జంతువు వచ్చిందంటే బిడ్డ ఎవరి వెంట పోవాలో తెలియక పేజీ తిప్పేస్తుంది.

ముగ్గురి ఆకారాలూ వేరుగా ఉండాలి. ఒకటి గుండ్రం, ఒకటి పొడవు, ఒకటి దిమ్మెలాగా. కుక్కపిల్ల, నక్కపిల్ల, పిల్లి కలిస్తే చిన్న బొమ్మలో మూడూ ఒకేలా కనిపిస్తాయి. మేకపిల్ల, ఉడుత, ఎనుము (గేదె) అయితే నీడ చూసి కూడా చెప్పొచ్చు. దీనికి పరీక్ష ఉంది: మూడింటినీ లోపల గీతలేం లేకుండా నల్లగా నింపి, నాలుగేళ్ల బిడ్డకు చూపించండి. పేర్లు చెప్తే పాసు. ఆలోచిస్తే ఆకారం మార్చాలి.

పేరు అందరికీ పెట్టక్కర్లేదు. అసలు పాత్రకు ఒక పేరు, మిగతావాళ్లకు వరస చాలు. ఉడుతమ్మ, కాకి మామ, ఎనుమక్క అంటే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది, చదివేవాళ్ల నోటికీ హాయిగా ఉంటుంది.

ఇక జంతువు వివరాలు. మన పల్లె పిల్లలు మేకను రోజూ చూస్తారు. వాళ్ల దగ్గర తప్పు దాగదు.

- మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక కిందికి వేలాడుతుంది. ఈ ఒక్క గీత తప్పితే మేక గొర్రె అవుతుంది.
- మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది. చిన్నపిల్లల పుస్తకంలో గుండ్రంగా వేసినా తప్పులేదు, కానీ పుస్తకమంతా అట్లాగే వేయాలి.
- మేక ముందుకాళ్లు పొదమీద ఆనించి ఆకు అందుకుంటుంది. గొర్రె తల వంచి నేలమీది గడ్డి మేస్తుంది.
- మన ఊళ్లలోని ఉడుత వీపు మీద మూడు తెల్ల చారలు. విదేశీ బొమ్మల్లోని ఎర్ర ఉడుతను చూసి గీయకండి.
- ఊరకాకి మెడ బూడిద రంగు, మిగతా ఒళ్లు నలుపు.
- పింఛం మగ నెమలికే. తల్లి నెమలికి పింఛం వేయొద్దు.
- కృష్ణజింకల్లో మెలితిరిగిన కొమ్ములు, నల్లని ఒళ్లు మగవాటికి. ఆడజింక లేతగోధుమ రంగులో, మామూలుగా కొమ్ముల్లేకుండా ఉంటుంది.

మన సీమతో ముడిపడిన పక్షులను పాత్రలు చేయాలనుకుంటే మరింత జాగ్రత్త కావాలి. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాలకు పేరు తెచ్చిన బట్టమేక పిట్టకు కాలి వెనక వేలు ఉండదు. అందుకని అది కొమ్మమీద వాలలేదు, నేలమీదే తిరుగుతుంది. దాన్ని చెట్టుమీద కూర్చోబెట్టి కాకితో మాట్లాడించకండి. కాకిని కిందికి దించండి. సత్యసాయి జిల్లా వీరాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను మాత్రం కొమ్మలమీద నిక్షేపంగా వేయొచ్చు. కడప లంకమల అడవిలో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే పిట్ట. రొమ్ము మీద రెండు ముదురు పట్టీలు, పెద్ద కళ్లు. దానితో కథ రాస్తే నేస్తాలూ రాత్రి మేలుకునేవాళ్లే కావాలి: గుడ్లగూబ, మిణుగురు, గబ్బిలం. రాత్రి బొమ్మలకు నీలం రంగు డబ్బా ఒకటి ఎక్కువ కొనుక్కోవాలి, అంతే.

మరొకటి. చిలుకను పంజరంలోనో, నక్షత్ర తాబేలును ఇంటి తొట్టిలోనో పెంచుతున్నట్టు వేయొద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం వీటిని ఇంట్లో పెంచడం నేరం. బొమ్మలో ముద్దుగా కనిపించిందే బిడ్డ ఇంట్లో అడుగుతుంది. స్నేహం చెట్టు దగ్గరో చేను గట్టుమీదో జరగనివ్వండి.

3. కథను జంట పేజీల్లో పరచడం

పుస్తకం తెరిస్తే ఎడమ, కుడి పేజీలు కలిసి ఒకే బొమ్మలా కనిపిస్తాయి. దాన్ని జంట పేజీ అందాం. 16 పేజీల్లో 1వ పేజీ లోపలి పేరు పేజీ. 2–3, 4–5, 6–7, 8–9, 10–11, 12–13, 14–15, ఇవి ఏడు జంటలు. 16వ పేజీ ఒంటరి, ముగింపుకు. అంటే మీ కథకు ఏడు అడుగులు, ఒక ఊపిరి.

ఎట్లా పరచాలో ఒక కథతో చూద్దాం. చుక్కి అనే మేకపిల్ల మెడగంట పోయింది.

- 1: గంట బొమ్మ ఒక్కటే. పైన పుస్తకం పేరు.
- 2–3: చుక్కి మెడలో గంట. నడిస్తే గణ గణ. దూకితే గణ గణ గణ.
- 4–5: పొద్దున లేచింది. నడిచింది. చప్పుడు లేదు! దూకింది. చప్పుడు లేదు!
- 6–7: ఉడుతమ్మ చెట్టెక్కింది. కొమ్మా కొమ్మా వెతికింది. "లేదే!"
- 8–9: కాకి మామ పైకెగిరాడు. మిద్దె మిద్దె వెతికాడు. "లేదే!"
- 10–11: చుక్కి నీళ్ల తొట్టిలో తొంగి చూసింది. బుడుంగ్! "లేదే!"
- 12–13: ముగ్గురూ దిగులుగా కూర్చున్నారు. ఎనుమక్క మాత్రం వామి దగ్గర గడ్డి తింటూనే ఉంది. కర కర కర కర... గణ?
- 14–15: గణ గణ గణ గణ!
- 16: రాత్రి. నలుగురూ నిద్ర. మాటలు లేవు.

ఇందులో గమనించాల్సినవి మూడు.

4–5 పేజీల్లో "గంట పోయింది" అని ఎక్కడా రాయలేదు. బొమ్మలో మెడ ఖాళీగా ఉంది. బిడ్డ వేలు పెట్టి "గంట లేదు!" అని అరుస్తుంది. ఆ మాట మీరు రాసేస్తే ఆ బిడ్డకు చేయడానికి పని ఉండదు. బొమ్మలో కనిపించేదాన్ని మాటల్లో మళ్లీ చెప్పకండి. రంగులు, ఎత్తు, ఎవరు ఎక్కడున్నారు, ఇవన్నీ బొమ్మ పని. చప్పుడు, మాట్లాడిన మాట, గడిచిన కాలం, ఇవి అక్షరాల పని.

13వ పేజీ చివర "గణ?" ఉంది. కుడి పేజీ కింది మూల అంటే పేజీ తిప్పే చోటు. ప్రశ్న అక్కడ పెట్టి జవాబు తిప్పాక చూపించాలి. జవాబు అదే జంటలో ఉంటే కళ్లు ముందే అక్కడికి పోతాయి, మాట చప్పబడుతుంది.

"లేదే!" మూడుసార్లు వచ్చింది. రెండోసారికి పిల్లలు మీతో కలుస్తారు, మూడోసారికి మీరు ఆగితే వాళ్లే అంటారు. నాలుగోసారి పెడితే విసుగు.

14–15 బొమ్మలో గంట ఎనుము కొమ్ముకు చిక్కుకుని ఊగుతున్నట్టు వేయండి, నోట్లో ఉన్నట్టు కాదు. మేతతో పాటు ఇనుప ముక్కలు కడుపులోకి పోతే పశువు ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు చూసింది చేసి చూస్తారు.

4. మాటలు: ఏ తెలుగులో రాయాలి

ఇక్కడ చాలామంది తడబడతారు. పాఠ్యపుస్తకంలో గేదె, మన ఇళ్లలో ఎనుము, కొన్ని ఊళ్లలో బర్రె. పుస్తకంలో వేరుశెనగ, అనంతపురం, కడప వైపు చెనక్కాయలు, కర్నూలు వైపు బుడ్డలు. ఏది రాయాలి?

మా అభిప్రాయం ఇది: బిడ్డ ఇంట్లో ఏ మాట వింటుందో అదే రాయండి. ఎనుమును ఎనుమనే అనండి. కథ చెప్పే వాక్యాలు మాత్రం పక్క జిల్లా వాళ్లకూ అర్థమయ్యేట్టు మామూలు వాడుక తెలుగులో ఉంచండి. అట్ట వెనక లోపలి పేజీలో జంతువుల చిన్న బొమ్మలు వేసి, కింద రెండు మూడు పేర్లు రాయండి: ఎనుము, బర్రె, గేదె. బడికి పోయినప్పుడు బిడ్డకు ఆ పేర్లన్నీ తనవే అవుతాయి.

మడకశిర, రాయదుర్గం వైపు ఇంట్లో కన్నడం, కర్నూలు, కడప పట్టణాల్లో చాలా ఇళ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటారు. అంగన్‌వాడీ పుస్తకమైతే ప్రతి జంట పేజీ అడుగున రెండు వేళ్లంత ఖాళీ వదలండి. టీచర్ అక్కడ ఇంకో భాషలో పెన్సిలుతో రాసుకోవచ్చు.

వాక్యాల గురించి:

- ఒక వాక్యంలో మూడు నుంచి ఆరు మాటలు.
- క్రియ చివర్లో రానివ్వండి. "ఎక్కి, చూసి, దిగి, వచ్చి" అని గొలుసు కట్టొద్దు. ఊపిరి ఆడదు.
- చప్పుళ్లు తెలుగువే వాడండి: గణ గణ, కర కర, కిచ్ కిచ్, కావ్ కావ్, బుడుంగ్, టప టప. బిడ్డకు మొదట నోరు తిరిగేవి ఇవే.
- పెద్దవాళ్లు చదివి వినిపించే పుస్తకంలో వత్తులున్న మాటలు వచ్చినా పర్వాలేదు. ఒకటో తరగతి బిడ్డ తనే చదివేదైతే పేజీకి ఒకటి రెండు మించి వత్తులు రానివ్వకండి. రెండు వేరు హల్లులు కలిసే సంయుక్తాక్షరాలు అసలే వద్దు. "చుక్కి"ని "గౌరి" చేసుకోండి.
- "అప్పుడు", "తర్వాత" తీసేసి చదవండి. నూటికి తొంభై చోట్ల అవి లేకుండానే నడుస్తుంది.

5. డమ్మీ: ఈ పని దాటేయొద్దు

కావాల్సినవి: నాలుగు ఏ4 జిరాక్సు కాగితాలు, పెన్సిలు, రబ్బరు, స్టేప్లరు. అంతే.

నాలుగు కాగితాలూ దొంతరగా పెట్టి మధ్యకు మడవండి. మడత మీద స్టీలు చెంచా వీపుతో రుద్దితే గీత పదునుగా వస్తుంది. ఇప్పుడు పుస్తకం తిప్పుతూ ప్రతి పేజీ మూలన 1 నుంచి 16 దాకా అంకెలు వేయండి. విప్పి చూస్తే ఏ కాగితం మీద ఏ పేజీలు పక్కపక్కన పడతాయో తెలుస్తుంది:

- బయటి కాగితం: ఒకవైపు 16, 1. రెండోవైపు 2, 15.
- రెండోది: 14, 3. వెనక 4, 13.
- మూడోది: 12, 5. వెనక 6, 11.
- లోపలిది: 10, 7. వెనక 8, 9.

కాగితం మీద పక్కపక్కన ఉన్న రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. ఈ లెక్క తప్పితే కుట్టాక మూడో పేజీ పదకొండు దగ్గర తేలుతుంది. జంట పేజీగా ఒకే కాగితం మీద వచ్చేది నడిమి 8–9 ఒక్కటే. మిగతా జంటలు రెండు వేరు కాగితాల సగాలు కలిసినవి, కాబట్టి మడత దగ్గర బొమ్మ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. మొహాలు, కళ్లు, అక్షరాలు మడతకు కనీసం 15 మిల్లీమీటర్లు ఎడంగా ఉంచండి.

డమ్మీలో బొమ్మలు పుల్లల మనుషుల్లా ఉన్నా చాలు. ఎవరు ఎక్కడ, ఎటువైపు చూస్తున్నారు, అక్షరాలకు చోటెక్కడ, ఇవి తెలియాలి. కథ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. వెతుకుతూ పోయే జంతువు కుడివైపు చూడాలి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడే ఎడమకు తిరగాలి.

ఇక మూడు చదువులు.

మొదటి చదువు. నలుగురైదుగురు పిల్లల ముందు గట్టిగా చదవండి. పక్కన ఇంకొకరు పిల్లల కళ్లనే చూస్తూ ఉండాలి. ఏ పేజీ దగ్గర కళ్లు పక్కకు పోయాయో డమ్మీ మీద గుర్తు పెట్టాలి. ఆ పేజీలో మాటలు సగానికి తగ్గించండి, లేదా ఏదో ఒక పని జరిగేట్టు మార్చండి.

రెండో చదువు. మాటలు చదవకుండా బొమ్మలే తిప్పుతూ "ఏమైంది?" అని అడగండి. బిడ్డ చెప్పిన కథ మీ కథకు దగ్గరగా ఉంటే బొమ్మలు నిలబడ్డట్టే. వేరే కథ చెప్తే వినండి. అది మీదానికన్నా బాగుంటే మొహమాటం లేకుండా మార్చేయండి.

మూడో చదువు. ఈ కథ ఎన్నడూ చూడని పెద్దవాళ్ల చేతికివ్వండి. నాలుక తడబడిన ప్రతిచోటా గీత పెట్టండి. ఆ మాట మార్చాల్సిందే. తడబాటు చదివేవాళ్లది కాదు, వాక్యానిది.

మూడు చదువులకూ మధ్య ఒక రోజు వదలండి. ఒకే పిల్లలకు వరసగా చూపిస్తే వాళ్లకు కథ కంఠతా వచ్చి తప్పులు కనబడవు.

6. బొమ్మలు వేయడం

ముందు ప్రతి పాత్రకూ ఒక నమూనా కాగితం. అందులో పక్కనుంచి, ఎదురుగా, వెనకనుంచి మూడు బొమ్మలు. సంతోషం, భయం, దిగులు, ఆశ్చర్యం నాలుగు మొహాలు. జంతువు మొహంలో భావం చెప్పేవి చెవులు, మెడ, తోక. మనుషుల నవ్వును మేకకు అతికించొద్దు. చెవులు నిక్కితే ఆశ్చర్యం, వాలితే దిగులు.

కొలత తలతో కొలవండి. చుక్కి ఒళ్లు రెండున్నర తలల పొడవనుకుంటే ప్రతి పేజీలోనూ అంతే. ఉడుత చుక్కి తలకన్నా పెద్దది కాకూడదు. ఈ కాగితం ఎదురుగా గోడకు అంటించుకోకపోతే పదో పేజీకి మేకపిల్ల దూడ అవుతుంది. అందరికీ జరిగే తప్పు ఇదే.

ఎదురు మొహం కష్టమనిపిస్తే పక్కనుంచే వేయండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి: పక్కమొహం, పెద్ద కన్ను, దట్టమైన నల్ల అంచు, మూడు నాలుగు రంగులే. దూరం నుంచి కూడా ఎవరో తెలుస్తుంది. ఆ గీత పద్ధతి బొమ్మల పుస్తకానికి భలేగా సరిపోతుంది.

వెనక దృశ్యం మన నేలదే కావాలి. అనంతపురం వైపు ఎర్రనేల, కర్నూలు పడమటి మండలాల్లో నల్లరేగడి, కడప ఇళ్ల ముందు నల్లబండల అరుగు, వేప, కానుగ, చింత, దూరంగా రాళ్లగుట్ట. పచ్చిక బయలు, ఆపిల్ చెట్టు, పొగగొట్టం ఉన్న ఇల్లు వేస్తే చుక్కి ఎవరి మేకో అనిపిస్తుంది. అయితే అన్నీ ఒకే బొమ్మలో కుక్కొద్దు. జంట పేజీకి ఒక చెట్టు, ఒక గోడ చాలు. కథకు అక్కర్లేని వస్తువు తీసేయండి, ఒక్కటి తప్ప: దాచిన గుర్తు. మన కథలో 6–7 నుంచే గడ్డివామిలోంచి గంట తాడు కొస కొంచెం కనిపించాలి. మొదటిసారి ఎవరూ చూడరు. రెండోసారి చదివినప్పుడు బిడ్డ దొరకబుచ్చుకుంటుంది. ఇక పుస్తకం దాచిపెట్టినా వెతికి తెస్తుంది.

కాగితం, రంగులు

- బొమ్మ అసలు సైజు కన్నా నాలుగో వంతు పెద్దగా వేసుకుంటే తగ్గించినప్పుడు గీత శుభ్రంగా వస్తుంది. అంతకన్నా పెద్దగా వేస్తే సన్న గీతలు మాయమవుతాయి.
- నీటిరంగులకు కనీసం 200 జీఎస్‌ఎం, వీలైతే 300 జీఎస్‌ఎం కాగితం. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అంకె పెరిగితే కాగితం మందం. మామూలు డ్రాయింగ్ షీటు నీటికి ముడుచుకుంటుంది. అదే ఉంటే పోస్టర్ కలర్ చిక్కగా వాడండి.
- స్కెచ్ పెన్నులు వద్దు. వెనకవైపు దిగుతాయి, ఒకే రంగు నింపినా చారలు పడతాయి. ఆయిల్ పేస్టల్ చేతికి అంటి పక్క పేజీకి పాకుతుంది.
- ముందు నల్ల గీత వేసి రంగు నింపాలనుకుంటే నీటికి చెదరని ఇంకునే వాడండి. ముందు ఒక మూలన గీసి, పది నిమిషాలాగి తడి వేలితో రుద్ది చూడండి.

మన ఎండాకాలం గురించి ఒక మాట. మార్చి దాటాక మధ్యాహ్నం ఫ్యాను కింద నీటిరంగు వేస్తే పెద్ద ఆకాశం సగం నింపేలోపే మొదటి సగం ఎండిపోయి మధ్యలో గీత పడుతుంది. పొద్దున తొమ్మిది లోపు వేయండి. ఫ్యాను ఆపండి. రంగు మొత్తం ఒకేసారి గిన్నెలో కలుపుకోండి, ముందు కాగితాన్ని తడి కుంచెతో తుడిచి అప్పుడు రంగు పారించండి. రంగు మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ కలపడం ఎవరివల్లా కాదు.

అన్ని పేజీల్లో చుక్కిని ఒకేరోజు నింపండి, తర్వాత అన్ని పేజీల్లో ఉడుతను. పేజీకి పేజీ పూర్తిచేస్తూ పోతే ఒక్కో పేజీలో చుక్కి ఒక్కో రంగులో తేలుతుంది.

7. అక్షరాలు

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. వరసల మధ్య చోటు తక్కువైతే పై వరస వత్తు కింది వరస తలకట్టును తాకుతుంది, బిడ్డకు అది కొత్త అక్షరంలా కనిపిస్తుంది. ఏ5 పేజీకి 20 నుంచి 24 పాయింట్లు, ఏ4కు 26 నుంచి 30 పెట్టండి. వరస ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గొద్దు.

ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో మండలి, ఎన్‌టీఆర్ చదవడానికి స్పష్టంగా ఉంటాయి. రామభద్ర దట్టంగా ఉంటుంది, అట్టమీద పేరుకే వాడండి. దస్తూరి గుండ్రంగా ఉన్నవాళ్లు చేత్తో రాస్తే ఇంకా మంచిది.

డీటీపీ షాపుల్లో జరిగే ఇబ్బంది ఒకటుంది. చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పనిచేస్తారు. మీరు ఫోన్లో టైపు చేసింది యూనికోడ్. ఒకదాన్నించి ఇంకోదానికి మార్చేటప్పుడు వత్తులు, రావత్తులు ఎగిరిపోతాయి. ఫొటోషాప్‌లో పాత వెర్షన్లయితే నేరుగా పేస్టు చేసినప్పుడు "క్క" కాస్తా "క్‌క"గా విడిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో వరల్డ్ రెడీ లేఅవుట్‌ను ఎంచుకోమనండి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టమనండి. ఏదైనా సరే, అచ్చుకు ముందు ప్రతి మాటా మీ కళ్లతో చూడాలి. ల–ళ, న–ణ, దీర్ఘాలు, వత్తులు, ఒక్కోదానికి ఒక్కోసారి. చివరి పేజీ నుంచి వెనక్కి చదివితే కథలో పడిపోకుండా తప్పు దొరుకుతుంది.

అక్షరాల కింద చెట్టు కొమ్మో గడ్డో ఉంటే చదవలేరు. ఆకాశమో గోడో ఖాళీగా ఉన్నచోటే రాయండి. డమ్మీలోనే ఆ చోటు వదిలి ఉండాలి. మాట ఇమడకపోతే రెండు వరసలకు విరగ్గొట్టకండి, మొత్తం మాటను కిందికి దించండి.

8. స్కాను, అచ్చు

స్కాను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), జేపెగ్ లేదా టిఫ్ ఫైలుగా అడగండి. జిరాక్సు షాపులో మామూలుగా ఇచ్చే పీడీఎఫ్ స్కాను బొమ్మలకు పనికిరాదు. ఫైళ్లు పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తప్పదంటే డాక్యుమెంటుగా పంపండి.

ప్రెస్సుకు చెప్పాల్సినవి:

- బొమ్మ అంచుదాకా ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వేసి ఇవ్వాలి. లేకపోతే కటింగులో తెల్ల గీత మిగులుతుంది. అందుకే ఏ4 పేజీల పుస్తకానికి ఏ3 కాగితం చాలదు, 12 × 18 అంగుళాల షీటు అడగండి.
- లోపలి పేజీలు 120 నుంచి 130 జీఎస్‌ఎం. మామూలు జిరాక్సు కాగితమైతే వెనక బొమ్మ కనిపిస్తుంది.
- అట్ట 250 జీఎస్‌ఎం. మడతకు ముందు క్రీజింగ్ చేయించాలి, అంటే మడత గీతను నొక్కించాలి. లేకుంటే మడత మీద రంగు పగిలి తెల్లగా బయటపడుతుంది.
- అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు కాస్త జరిగినా అక్షరానికి నీడ వస్తుంది.
- ఫైలు సీఎంవైకేలో, అంటే అచ్చులో వాడే నాలుగు రంగుల పద్ధతిలో. ఫోన్ తెరమీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద మందగిస్తుంది. ఒక్క ప్రతి ముందు తీయించి పగటి వెలుగులో చూడండి.

అమ్మాలనుకుంటే పుస్తకం గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ తీసుకోండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తుంది.

9. కుట్టు

ఐదేళ్లు దాటిన పిల్లలకు మడత మీద రెండు పిన్నులు సరిపోతాయి. మామూలు స్టేప్లరు మడతకు అందదు, పొడుగు చేతి స్టేప్లరు కావాలి. పిన్ను బయటనుంచి లోపలికి కొట్టి, లోపల కొసలు పూర్తిగా వంగాయో లేదో వేలితో తడిమి చూడండి.

చిన్నపిల్లలకు దారమే మేలు. పిన్ను ఊడితే నోట్లోకి పోతుంది.

1. పుస్తకం తెరిచి నడి మడత మీద మూడు గుర్తులు: ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతా రెండు పై, కింది అంచులకు 3 సెంటీమీటర్ల ఎడంలో.
2. అట్టతో సహా అన్ని కాగితాలకూ ఒకేసారి దబ్బనంతో రంధ్రాలు చేయండి.
3. దారం పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు. లావు నూలుదారం, కొవ్వొత్తి మైనం మీద ఒకసారి లాగితే జారదు.
4. లోపలనుంచి మధ్య రంధ్రం ద్వారా బయటికి. లోపల 5 సెంటీమీటర్ల తోక వదలండి.
5. బయటనుంచి పై రంధ్రంలోకి.
6. లోపల మధ్య రంధ్రాన్ని దాటుకుని కింది రంధ్రం ద్వారా బయటికి.
7. బయటనుంచి మళ్లీ మధ్య రంధ్రంలోకి. ఇప్పుడు రెండు కొసలూ పొడుగు కుట్టుకు అటూ ఇటూ ఉండాలి.
8. మడత వెంబడి బిగించి, పొడుగు కుట్టు మీదుగా రెండు ముళ్లు. పైకి లాగితే కాగితం చిరుగుతుంది.

కుట్టాక లోపలి కాగితాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. స్టీలు స్కేలు, కొత్త బ్లేడుతో అంచు ఒకేసారి కోయండి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే కళ్లకు గుచ్చుకోవు, కాగితం చెవులు మడవదు. చమకీలు, పూసలు, అతికించిన కళ్లు మూడేళ్ల లోపు పిల్లల పుస్తకంలో వద్దే వద్దు.

10. చేతికివ్వబోయే ముందు చూడాల్సినవి

- పేజీలు వరసగా ఉన్నాయా, ఏదైనా తలకిందులైందా?
- 2–3 పేజీల్లో, ఆఖరి పేజీలో చుక్కి ఒకే ఎత్తు, ఒకే రంగా?
- మెడలో గంట ఉండకూడని పేజీల్లో పొరపాటున వేశారా?
- ప్రతి కుడి పేజీ తిప్పాలనిపిస్తోందా?
- మడతలోకి ఏ మొహమైనా పోయిందా?
- రాసినవాళ్లు, బొమ్మలేసినవాళ్లు, ఊరు, సంవత్సరం వేశారా?
- తడి వేలితో రుద్దితే రంగు అంటుతోందా? అంటితే లామినేషన్ అట్టకైనా చేయించండి.
- దారం ముడి లోపలివైపే ఉందా, కొసలు ఒక సెంటీమీటరుకు కత్తిరించారా?

మొదటి ప్రతిని డమ్మీ చూసిన పిల్లలకే ఇవ్వండి. వాళ్లు పెన్సిలు డమ్మీలో చూసినదానితో పోల్చి, ఎక్కడ ఏం మార్చారో చెప్తారు. వాళ్లు పట్టుకున్న తప్పును రెండో ప్రతికి దిద్దుకోండి.